ఎందుకొచ్చావని అడగని మనిషి

నెబ్యులైజరు గుర్రుమనగానే మాస్కు చుట్టూ తెల్లటి ఆవిరి అలముకుంటుంది. నాలుక మీద చిరుచేదు. ఆ ఆవిరిలోంచి చూస్తే క్యాజువాలిటీ గోడలు, మంచాలు, మనుషులు మెల్లగా కరిగిపోతారు. ఈ ఉదయం కూడా అంతే. కళ్లు మూసుకున్నానో లేదో అప్పలనరసమ్మ సిస్టరు చెయ్యి నా వీపు మీద పడినట్టయింది. వెచ్చటి, బరువైన చెయ్యి.

శ్రీకూర్మం దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చిన ఏడాదే నాకు ఉబ్బసం పట్టుకుంది. నూర్పిళ్ల ధూళి లేచిందంటే చాలు, నన్ను ఆటోలో వేసుకుని ఇక్కడికి పరుగు. "మా కోడలికి ఆస్పత్రే పుట్టిల్లు" అని మా అత్త వీధి వీధంతా చాటింపు వేసింది. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు ఆ మాట సిస్టరుకు చెప్పి భోరుమన్నాను.

"నిజమే గదే మీ అత్త అన్నాది! పుట్టింటికొచ్చిన పిల్లని ఎందుకొచ్చినావని ఎవులైనా అడుగుతారేటి? కూకో. ముందు ఊపిరి తీసుకో" అంది. ఏడుపులో నవ్వొచ్చి, నవ్వులో దగ్గొచ్చి, నా అవస్థ దేవుడికెరుక.

నాలాగే మాటిమాటికీ వచ్చే మనిషి ఇంకొకతె ఉండేది, సాబిత్రి. ఒడిశా నుంచి మొగుడితో ఇటుకల బట్టీ పనికి వచ్చింది. నాకు తన భాష రాదు, తనకు నాది రాదు. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఆయాసపడేవాళ్లం. సిస్టరుకు వచ్చిన ఒడియా రెండే మాటలు. సాబిత్రి గుమ్మంలో కనబడగానే "ఆసొ, బొసొ" అని కేకేసేది. రా, కూర్చో అని. ఆ కేకకే సగం ఆయాసం తగ్గినట్టు సాబిత్రి ముఖం తేటపడేది. ధూళికి దూరంగా ఉండమంటే నేను ఇంట్లో ఉండగలను. తను ఎక్కడికి పోతుంది? "మందు మనమిస్తాం, పొగ అక్కడిస్తారు" అని సిస్టరు నిట్టూర్చేది.

సిస్టరు సెలవులో ఉన్న ఒక రోజున సాబిత్రి వచ్చింది. పొద్దుటినుంచి నిలబడే ఉన్న కుర్ర డాక్టరు "మళ్లీ నువ్వేనా?" అని విసుక్కున్నాడు. మాట అర్థం కాకపోయినా సాబిత్రికి ఆ ముఖం అర్థమయింది. మందు పీల్చుకుని వెళ్లిపోయింది. తర్వాత రావడం మానేసింది.

"నయమైందేమో" అన్నాను సిస్టరుతో.

"బట్టీ సల్లారనిదే నయమెలాగవుతాదే? సిగ్గుపడి మానేసింది" అంది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఆవిడ చూపు గుమ్మం మీదే ఉండేది.

ఒక మంచు ఉదయం ఆటో దిగుతుంటే సాబిత్రి కనబడింది. గేటు పక్క గోడకు ఆనుకుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి కోసం కొట్టుకుంటోంది. పెదవులు నల్లబడ్డాయి. లోపలికి తీసుకురావడానికి ధైర్యం చాలక మొగుడు నీళ్లసీసా పట్టుకుని నిలబడ్డాడు. అరుద్దామంటే నాకే ఊపిరి లేదు. లోపలికెళ్లి సిస్టరు చెయ్యి పట్టి లాగాను. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. "ఇంటిదాకా వచ్చి బయట కూకుంటావేటే తల్లీ!" అంటూ ఆమెను పొదివి పట్టుకుంది.

ఆక్సిజన్ పెట్టారు. ఆ కుర్ర డాక్టరే మంచం వదలకుండా నిలబడ్డాడు. మధ్యాహ్నానికి పెదవులకు రంగు తిరిగింది.

"ఇంతదాకా ఎందుకు రాలేదు?" అన్నాడాయన, సగం తనలో తను.

"ఎందుకొచ్చినావంటే ఎవులొస్తారు బాబూ?" అంది సిస్టరు మెల్లగా. ఆయన తల వంచుకున్నాడు.

బట్టీ పని అయిపోయాక సాబిత్రి తన ఊరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు సిస్టరు చనిపోయిందన్న కబురు నాకు ఈ బల్ల మీదే తెలిసింది. ఆ రోజు మాస్కు లోపలే ఏడ్చాను.

ఈ ఉదయం, ఆవిరి ఇంకా పలచబడక ముందే, గుమ్మంలో ఎవరో ఆగారు. ఒంటినిండా సిమెంటు దుమ్ము, గుండెల మీద చెయ్యి. "మళ్లీ వచ్చావా?" అంది కొత్త నర్సు తలెత్తకుండానే. ఆ మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఏ దేశంవాడో, ఏ భాషవాడో తెలియదు. మాస్కు తీసి, బల్ల మీద పక్కకు జరిగాను. నోటికి వచ్చిన పరాయి మాటలు ఆ రెండే.

"ఆసొ, బొసొ" అన్నాను.

వచ్చి నా పక్కన కూర్చున్నాడు.