మా బండి కాళ్ల పారాణి

ఆ రోజుల్లో మోటారు సైకిలున్న ఇల్లంటే ఊళ్లో ఒక లెక్క. ఇప్పుడు ఇంటికి రెండు బండ్లున్నా ఎవరూ తల తిప్పి చూడరు. అప్పుడు మా వీధి మొత్తానికి ఒకటే బండి, అది మాదే. మాదంటే కొత్తది కాదు. ముగ్గురి చేతుల్లో నలిగి, నాలుగో చెయ్యిగా మా ఇంటికొచ్చింది. నేను కాపురానికొచ్చిన నెలలోనే అదీ వచ్చింది. "ముసలిదాన్ని తెచ్చి నా ఇంట్లో కట్టేసినాడు నా కొడుకు" అని మా అత్త వాకిట్లో నిలబడి అంటే, నన్నే అంటోందనుకుని ఒక పూట అన్నం మానేశాను. (బండిని అన్నదని తెలిశాక రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నాను.)

మాది ధర్మవరం దగ్గరి పల్లె. పట్టు మగ్గం మా కులవృత్తి. మా ఆయన చెయ్యి మగ్గం మీద పడిందంటే చీర మీద నెమలి నడుస్తుంది. నోరు మాత్రం లేదు. చీర తీసుకుని ఒక్కడే పోయినప్పుడల్లా, ధర్మవరంలో మా చీరలు కొనే కళ్లద్దాల సేటు "ఏమప్పా, అంచు కొంచెం వంకరుండాదే" అనేవాడు, ఈయన తాను నేసిన చీరను తానే చూసి "అవును సేటూ" అని తల ఊపి వచ్చేవాడు. వంకర సేటు చూపులో ఉండేది, అంచులో కాదు. అందుకని మూటను ఒళ్లో పెట్టుకుని బండి వెనక నేను ఎక్కడం మొదలుపెట్టాను. "వంకర యాడుందో వేలు పెట్టి చూపించు సేటూ" అంటే ఆయన వేలు చీర మీద అటూ ఇటూ తిరిగి, చివరికి తన ముక్కు గోక్కునేది. మా మగ్గం తరఫున మాట్లాడే మనిషిని నేనే. ఆ వెనక సీటు నాకు పంచాయతీ కుర్చీ కంటే ఎక్కువ.

ఆ సీటుకే ఎసరొచ్చింది. బండి ముందు చక్రానికి అటూ ఇటూ కాళ్ల మాదిరి రెండు షాకబ్జర్లుంటాయి కదా, వాటిలోంచి నూనె కారడం మొదలైంది. మా ఎర్రదుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు, తడి కనిపిస్తే చాలు అతుక్కుంటుంది. నూనె కారడం, దుమ్ము అంటడం, బండి రెండు కాళ్లూ ఎర్రగా నిగనిగలాడడం. "మీ బండికి పెండ్లి కుదిరిందేమే, పారాణి పెట్టుకుండాది" అని ఎదురింటి వదిన ఎగతాళి. అంతవరకు పడ్డాం. ఒకసారి ధర్మవరం పోతుంటే గాలికి ఒక చుక్క ఎగిరొచ్చి మూట మీద పడింది. పైగుడ్డ తడిసి ఆగింది. ఇంకొక్క మడత దాటి ఉంటే కల్యాణం చీర పాడయ్యేది. ఆ రోజు మా అత్త మూటను తన మంచం కింద పెట్టుకుని పడుకుంది. మా ఇంట్లో దానికంటే పెద్ద ప్రమాద సూచన లేదు.

మా ఊరి మెకానిక్ సుత్తన్న. గుత్తిలో పని నేర్చుకొచ్చానని చెప్పుకునేవాడు గానీ అక్కడ నేర్చుకున్నది సుత్తి పట్టుకోవడమొకటే. షాకబ్జరు నోటి దగ్గర నూనెను ఆపే రబ్బరు బిళ్లను ఆయిల్ సీలంటారు. దాన్ని రెండుసార్లు మార్చాడు, రెండుసార్లూ వారం తిరక్కముందే బండి మళ్లీ పారాణి పెట్టుకుంది. మూడోసారి పోతే నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సీలు తప్పు కాదన్నా. ఎనకాల అక్క కూసుంటాది సూడు, ఆ బరువుకు కారతాండాది" అన్నాడు. నేనప్పుడు గాలికి ఎగిరిపోయేంత సన్నం. "నా బరువు ఎనక్కి పడితే నూనె ముందు ఎట్ల కారతాదప్పా?" అని అడిగితే, "అదంతా మెకానిజమక్కా, నీకు తెల్దు" అన్నాడు.

మా అత్తకు మెకానిజం వెంటనే అర్థమైంది. "ఇంక నువ్వు బండెక్కొద్దు. వాడొక్కడే పోనీ" అంది. "మగ్గం మీంచి చీర దిగేదానికి ఇంకా మూడు దినాలుండాది. ఆలోపల కారకుండా నేనే చేస్తా. చేయకపోతే జన్మలో బండెక్కను" అన్నాను. మా ఆయన లోపలికి పోయి పానాల సంచి తెచ్చి నా ముందు పెట్టాడు.

బండి గురించి నాకు తెలిసింది ఎక్కడ కూర్చోవాలో అంతే. ముందు చక్రం ఊడదీస్తే బండి ముందుకు ఒరుగుతుందని కూడా తోచలేదు. చక్రం చేతికొచ్చింది, బండి వాకిట్లో సాష్టాంగపడింది. నేనూ మా ఆయనా కలిసి లేపి, ఇంజను కింద రోలు దొర్లించి నిలబెట్టాం. "రోలు బండికి పెట్టినారు, నేను ఊరిమిండి నా నెత్తి మీద రుబ్బాల్నా?" అని మా అత్త. మూడు దినాలు మా ఇంట్లో పచ్చడి లేదు. ఎందుకు లేదో వీధికంతా తెలిసింది.

షాకబ్జర్లు విప్పి, లోపలి ఇనుప గొట్టాలు తుడిచి ఎండలో పెట్టుకుని చూశాను. అద్దంలా మెరుస్తున్నాయి. తప్పు ఎక్కడో కంటికి కనబడలేదు. అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె చేతికి తీసుకుంటే చాలు, ముందు ఒక పట్టుపోగు దాని మీద లాగి చూసేవాడు. కంటికి కనబడని గరుకు కూడా పోగుకు తగులుతుంది. మగ్గమున్న ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ ఇది తెలుసు. ఒక పోగు తెంపుకొచ్చి గొట్టం మీద మెల్లగా లాగాను. జారింది, జారింది, సీలు ఆడే చోటికి రాగానే టక్కున ఆగింది. రెండో గొట్టం మీద రెండు చోట్ల ఆగింది. రాళ్లు ఎగిరొచ్చి తగిలి, దుమ్ము ఒరుసుకుని, చీమ కన్ను కంటే చిన్న గుంతలు పడ్డాయి. వాటి అంచు మొనలు కొత్త సీలు పెదవిని వచ్చిన వెంటనే కోసేస్తున్నాయి. సుత్తన్న ఎన్ని సీళ్లు మార్చినా కత్తి గొట్టం మీదే ఉంది. "ఏమయ్యా, ఇట్ల రా! నా బరువు ఈడుండాది చూడు!" అని కేక వేశాను. మా ఆయన పోగు తానూ లాగి చూసి, పది నిమిషాలు దాన్నే లాగుతూ కూర్చున్నాడు.

సన్న ఉప్పుకాగితానికి నూనె రాసి, ఆ మొనల్ని ఒక పగలంతా రుద్దాం. పట్టుపోగు ఆ చివర నుంచి ఈ చివరకు నీళ్లలా జారేదాకా వదల్లేదు. కొత్త సీలు పెదవి చిరగకుండా గొట్టం మొనకు పట్టు కట్ట వచ్చే ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీదుగా జార్చి, సరిపోయే కొయ్య ముక్క పెట్టి అరచేత్తో నెట్టాను. సుత్తి ముట్టలేదు. రాత ఉన్న వైపు పైకి రావాలని సీళ్లమ్మిన దుకాణమాయన మా ఆయనకు చెప్పి పంపాడు. (అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. యాభై దాటాక రాత్రిబడిలో నేర్చుకుని, ఒక పాత సీలు వెతికి తెచ్చి, ఇంతకాలం నాకు చెప్పకుండా దాచుకున్న మాటేమిటో చదవబోయాను. ఇంగ్లీషు.)

ఇంక నూనె పొయ్యడమే మిగిలింది. ఇక్కడే నా తెలివి బయటపడింది. మా ఊళ్లో నాలుగు దినాలకొకసారి నీళ్లు వదిలేవాళ్లు. కడవైనా, చెంబైనా, ఆఖరికి దీపం బుడ్డైనా, ఖాళీ ఉంచి నింపడమంటే మాకు పాపంతో సమానం. అలవాటైన చెయ్యి, రెండు షాకబ్జర్లనూ అంచు తొణికేదాకా నింపి మూత బిగించాను. పైగా "సుత్తన్న దొంగ, సగమే పోసేవాడు" అని తిట్టాను కూడా.

మా ఆయన బండెక్కాడు. ముందు భాగం రాయిలా ఉంది, కిందికి దిగదు, పైకి లేవదు. "గట్టిగుండాది చూడు" అని నేను మురిసిపోయాను. వీధి చివర కాలువ గట్టుకు తగిలింది చూడండి, ఎప్పుడూ నోరెత్తని మనిషి "అమ్మా!" అన్న కేక మగ్గాల చప్పుడు మీదుగా వినబడింది. లోపల నలగడానికి జాగా లేక నూనె సీలును తోసుకుని పైకి చిమ్మింది. తిరిగొస్తే మీసం నుంచి నూనె కారుతోంది. మా అత్త ఆయన్ని చూసి, నన్ను చూసి, "బండికి ఆగింది, వానికి కారతాండాది" అని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం మగ్గం దగ్గర కూర్చుని ఏడ్చాను. మరుసటి దినం చీర దిగుతుంది. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, నిలువు పోగుల పడుగును వేలితో నొక్కి వదిలాడు. అది కొంచెం దిగి మళ్లీ లేచింది. మళ్లీ నొక్కాడు. నాకు అప్పుడు వెలిగింది. వదులు బొత్తిగా లేని పడుగు తెగుతుంది. షాకబ్జరు లోపల కూడా గాలికి కొంచెం జాగా ఉండాలి! (ఆయన కావాలనే చూపించాడో, ఊరికే నొక్కాడో ఈనాటికీ చెప్పడు.) పొద్దున్నే లేచి మళ్లీ విప్పాం. సీళ్లు రెండు జతలు తెమ్మని ముందే చెప్పాను, నా మీద నాకున్న నమ్మకం అంత. ఈసారి టీ గ్లాసుతో కొలిచి, రెండింటికీ సమానంగా, పైన జాగా వదిలి పోశాను. రెండుసార్లు గ్లాసు మళ్లీ ఎత్తి దించాను, ఖాళీ ఉంచడం నాకు అంత కష్టం. ఆయన ఊరు మూడు చుట్లు తిరిగొచ్చాడు, కాలువ గట్టు మీద రెండుసార్లు ఎక్కించి దించాడు. మా అత్త వంగి, తెల్ల గుడ్డతో షాకబ్జర్లు రెండూ తుడిచి, గుడ్డను ఎండకు పెట్టి చూసింది. మరక లేదు. లోపలికి పోయి చీర మూట తెచ్చి, నా చేతుల్లో పెట్టి, "కూసో. కొంగు జాగ్రత్త, చక్రంలో పడతాది" అంది. మెచ్చుకోవడం ఆమెకు అంతవరకే వచ్చు.

సేటు అంగడి ముందు బండి ఆగింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, "ఏమప్పా, ఎప్పుడూ నా వాకిట్లో నూనెతో ముగ్గేసి పోతాండె మీ బండి, ఈరోజు శుభ్రంగుండాదే. ఎవురు చేసినారు?" అన్నాడు. జవాబు చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా పక్కనుంచి ఇంకో గొంతు లేచింది. "మా ఇంట్లో ఆమె చేసింది సేటూ. పట్టుపోగు పెట్టి చూసి చేసింది. ఈ చీర కూడా నేను అట్ల చూసి నేసిందే. దీనికి వంకరుందనొద్దు." సేటు నావైపు చూశాడు. నేను మా ఆయన వైపు చూశాను. అంగడి గుమస్తా చేతిలోని కాఫీ లోటా గాల్లోనే ఆగిపోయింది. ఆ పూట అంగట్లో నేనొక్క మాట కూడా అనలేదు, నాకు ఆ అవసరమే రాలేదు.

తిరిగి వస్తుంటే, "నువ్వే మాట్లాడతాండావు కదా, ఇంక నేనేంటికి ఎనకాల?" అని అడిగాను. ఆయన వెనక్కి తిరిగి, "నువ్వు ఎనకుంటేనే నాకు మాటొచ్చేది" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నాతో అన్న తియ్యటి మాట అదొక్కటే. దానికి నేనేమన్నానో తెలుసా? "ముందు దారి చూడు, గుంతుండాది" అన్నాను. అప్పటి నేను, ఆ పిల్ల, ఇప్పుడు నాకెదురైతే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, తర్వాత దగ్గరికి లాక్కుని, నూనె అంటిన ఆ రెండు చేతులూ నా కళ్లకద్దుకుంటాను.