మామయ్య జుట్టు రంగు

మెట్టుగూడలోని మా ఇంట్లో ఆదివారమంటే మామయ్య జుట్టుకు రంగేసుకునే రోజు. ఆయన హాల్లో అద్దం ముందు కూర్చుంటే ఇల్లంతా ఘాటు వాసన.

నేను కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ చెప్పింది: "కడుపులో బిడ్డకు తిండి అందించే మావి అన్నిటినీ ఆపే గోడ కాదమ్మా. మీరు పీల్చే రసాయనాల్లో కొన్ని దాన్ని దాటి బిడ్డకు చేరతాయి. దోమల చుట్టల పొగకు, పెయింటు వాసనకు దూరంగా ఉండండి."

జుట్టు రంగు మాట ఆమె ఎత్తనేలేదు. కానీ నా పక్కన కూర్చున్న అత్తమ్మకు ఆ మాత్రం చాలు. ఇంటికి రాగానే దోమల చుట్టలు, బీరువాలోని కలరా ఉండలు బయట పారేసి, మామయ్య వైపు తిరిగింది.

"మీ రంగు సుత బంద్. పిల్ల పుట్టేదాంక గిట్లనే ఉండుండ్రి."

"సీమంతంల ఫొటోలు దిగాలె గదనే! జెర గప్పటిదాంక వేస్కోనియ్యి."

అత్తమ్మ వినలేదు. సీమంతం ఫొటోలన్నిటిలో మామయ్య తల ముగ్గుబుట్ట, మొహం మాడిపోయి ఉంది.

పాప పుట్టాక రంగు మళ్లీ షురూ అయింది, కాకపోతే బాల్కనీలో. మొన్న నాలుగేళ్ల మా పాప ఆల్బం తిరగేస్తూ అడిగింది: "అమ్మా, ఈ ముసలి తాత ఎవరు?"

బాల్కనీలో మీసాలు నల్లగా దిద్దుకుంటున్న మామయ్య తల తిప్పకుండానే అన్నాడు:

"నేనే బిడ్డా. నీ కోసమే ముసలోణ్ణైన."