సూది ముందర సంఘం లక్ష్మమ్మ

నిన్న మా ఊళ్లో నాకు జరిగిన మర్యాద గురించి మీకు ఎవలన్న చెప్పిన్రా? చెప్పే ఉంటరు. రామన్నపేట బస్సెక్కిన ప్రతోడూ అదే చెప్పుకుంట పోతున్నడట! అందుకే అసలు సంగతి నేనే చెప్త. ముందు ఆ చాయ్ ఇటియ్యిండ్రి, మోకాళ్లు గుంజుతున్నయి.

పోయిన ఎండాకాలం తట్టు వచ్చి మా వాడలో ఇద్దరు పసిపిల్లలు పోయిన్రు. అప్పటి నుంచి తట్టు సూది ఏపియ్యిండ్రని ఇల్లిల్లు తిరుగుతున్న. ఆడోళ్ల సంఘం పెట్టి సారా దుకాణం మూయించిన నోరు నాది. సూది దగ్గరికి వచ్చేసరికి ఆ నోరు పనిచేయలే. నా ఇంట్లో నా కోడలే వినలే.

"పోయినసారి సూదికి పిల్ల ఒళ్లు కాలిపోయింది అత్తమ్మా. నువ్వు మీటింగు అని పోయినవ్. తెల్లందాక ఎత్తుకొని తిరిగింది నేను" అన్నది సుజాత.

నిజమే గదా!

పక్కింటి ఖాజాబీది ఇంకో బాధ. "పిల్లగానికి బుఖార్ వచ్చి ఒళ్లు కాలితే కూలికి ఎవలు పోతరు అవ్వా? నువ్వు పోతవా? ముందు నీ మనుమరాలికి ఏపియ్యి. మేం సూస్తం."

నాకు కోపమొచ్చింది. "రేపు పంచాయితీ ఆఫీసుకు రాండ్రి అందరూ! నా ఒళ్లో కూసోబెట్టుకొని ఏపిస్త!" అన్న. ఆ మాట అనకుంటే ఎంత బాగుండె!

నిన్న పొద్దుగాల తల్లులందరూ పిల్లల్నెత్తుకొని వచ్చిన్రు. సర్కారు దవాఖాన నర్సమ్మ స్టవ్ మీద గిన్నె పెట్టి సూదులు మరగబెడుతాంది. అవి గిన్నెలో టకటక కొట్టుకుంటున్నయి. నా గుండె కూడ అట్లనే కొట్టుకుంటాంది. ఒక్క ముచ్చట ఎవరికీ తెల్వదు: చిన్నప్పటి నుంచి నాకు సూదంటే చచ్చేంత భయం.

తుప్పు పట్టిన ఇనుప కుర్చీలో పాపను పట్టుకొని కూసున్న. నర్సమ్మ మందు బుడ్డి మూత తీసి, మందు గుంజి, సూదిని పైకెత్తి ఒక చుక్క చిమ్మింది. ఆ చుక్క దాక యాదికున్నది. తర్వాత లేదు.

కండ్లు తెరిచేసరికి నేను నేల మీదున్న. కుర్చీ అంచు తగిలి నుదురు చీరుకుపోయింది. పాప నర్సమ్మ చేతుల్లో నవ్వుతాంది. సూది పాపకు తాకనే లేదు! వరండాలో ఒక్క తల్లి లేదు, ఎవరిదో ఒంటి చెప్పు మాత్రం ఉన్నది.

"అవ్వా, బుడ్డి విప్పిన. ఈ మందు సాయంత్రం దాక ఆగదు. పారబోసుడేనా?" అన్నది నర్సమ్మ, ఏడుపు గొంతుతో.

ఇంటి దిక్కు నడిచిన. అప్పటికే ముచ్చట వాడంతా పాకింది. "సూది పట్టుకున్న అవ్వనే సచ్చిపోయిందట, ఇగ పిల్లలు బతుకుతరా?" అంటున్నరు. మా వాకిట్ల ఒకామె శోకం మొదలుపెట్టింది. నన్ను చూసి కూడ ఆపలే!

ముందు ఖాజాబీని పట్టుకున్న. "సూదితోని కాదే, ఎండకు పడ్డ."

"నీడలనే కూసున్నవ్ గదా."

"ఏం తినలే బిడ్డా, నీరసం."

"పొద్దుగాల మా ఇంట్లనే రెండు రొట్టెలు తింటివి గదా అవ్వా!"

ఇంకేం దాస్త? "సూదంటే భయమే నాకు" అన్న, మెల్లగ.

ఖాజాబీ నోరు తెరిచింది. "నువ్వా? పోలీసోని లాఠీ గుంజుకున్నదానివి!"

"లాఠీ లోపలికి పోదు బిడ్డా. సూది పోతది."

నవ్వీ నవ్వీ గోడకు ఒరిగింది. తర్వాత పిల్లగాన్ని ఎత్తుకున్నది. "నేనైతే వస్త. మరి మిగిలినోళ్లకు ఎవలు చెప్తరు?"

ఇల్లిల్లు తిరిగే ఓపిక నా కాళ్లకు లేదు. పొద్దు నడినెత్తికొస్తాంది, మందు ఆగదు. డప్పు ఎల్లయ్య ఇంటికి పోయి సంగతి చెప్పిన.

"లచ్చుమక్కా, గీ మాట నేనెట్ల చాటాలె? ఇజ్జత్ పోతది నీది!"

"నా ఇజ్జత్ తట్టును ఆపదు. పో, కొట్టు!"

కొట్టిండు. వాడవాడకూ ఆగి కొట్టిండు. "ఇందుమూలంగా ఊరి జనానికి తెలియజేసేది ఏమనగా, సంఘం లక్ష్మమ్మ సచ్చిపోలేదు! సూది మంచిదే, లక్ష్మమ్మనే పిరికిది! పిల్లల్ని తీసుకొని జల్ది రాండ్రహో!" ఆ 'పిరికిది' అనే ముక్క నేను చెప్పలే, సొంతంగ కలిపిండు.

పొద్దుగాల కన్నా ఎక్కువమంది వచ్చిన్రు. సారా దుకాణం కాడ నాతోని తిట్లు తిన్న మగోళ్లు కూడ వచ్చిన్రు, నన్ను చూసుడానికి! ఈసారి పాపను సుజాత పట్టుకున్నది. "జ్వరమొస్తే నువ్వే ఎత్తుకోవాలె అత్తమ్మా, మీటింగు లేదు ఏం లేదు" అని అందరి ముందట మాట తీసుకున్నది. నేను గోడ దిక్కు తిరిగి "సరే" అన్న. పాప జరంత ఏడ్చి ఊకున్నది. ఖాజాబీ కొడుకు అయితే ఏడ్వనే లేదు. వరసగ అందరికీ ఏసింది నర్సమ్మ.

హమ్మయ్య అని లేవబోయిన. నర్సమ్మ నా నుదురు చూసింది. "తుప్పు కుర్చీ తగిలింది గదా అవ్వా. నీకు ధనుర్వాతం సూది ఏయాలె."

వాకిలి దిక్కు ఉరికిన. తల్లులందరూ అడ్డం నిలబడ్డరు. "ముందు నువ్వు ఏపిచ్చుకో అవ్వా, మేం సూస్తం" అన్నది ఖాజాబీ, నా రెండు చేతులు పట్టుకొని. వెనకాల ఎల్లయ్య మళ్ల కొట్టుడానికి డప్పు కాగబెడుతున్నడు!

పడలేదు. ఒట్టు, ఈసారి పడలేదు. కాకుంటే కండ్లు మూసుకొని ఖాజాబీ భుజం కొరికిన. గట్టిగనే కొరికిన. ఎల్లయ్య అది కూడ చాటే లోపల మీకు చెప్దామనే ఇంత దూరం వచ్చిన. ఇగో, వాని డప్పు ఇక్కడ కూడ ఇనబడుతాంది.