పోయినోళ్ల ముచ్చట

మా రేడియోలో మనుషులకు పేర్లుండేవి కావు, ఊర్లే ఉండేవి. "బెల్లంపల్లి కాక లైన్లో ఉన్నాడు" అంటే చాలు, గోదావరిఖని నుంచి మంచిర్యాల దాకా టిఫిన్ డబ్బాలు సర్దుతున్న ఆడవాళ్లందరికీ ఆ దగ్గు ఎవరిదో, ఆ నవ్వు ఎవరిదో తెలిసిపోయేది. పొద్దుటి షిఫ్టు బాయి దిగాక మొదలయ్యేది మా ముచ్చట. మా దగ్గర బాయి అంటే బొగ్గు గనే, కాక అంటే బాబాయి. ఏ గల్లీకి నల్లా రాలేదో, దవాఖానలో ఏ డాక్టరు లీవు పెట్టాడో, ఏ మలుపులో బొగ్గు లారీ బోల్తా పడిందో జనమే ఫోన్ చేసి చెప్పేవాళ్లు. నేను మధ్యలో కూర్చుని తిట్లు తినేదాన్ని, మున్సిపాలిటీ వాళ్లను తిట్టేదాన్ని. నా జుట్టు సగం ఆ కుర్చీలోనే తెల్లబడింది.

ఆఖర్న పోయినోళ్ల ముచ్చట ఉండేది. రిటైరైన కార్మికులు కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేసి తలో దిక్కు పోయారు. జీవితమంతా ఒకే గ్యాంగులో పనిచేసినవాళ్లు ఇప్పుడొకరు బెల్లంపల్లిలో, ఒకరు కాసిపేటలో, ఒకరిక్కడ. పిల్లలు సిమ్‌లు మారుస్తారు, నంబర్లు పోతాయి. అందుకని ఎవరైనా కన్నుమూస్తే ఇంట్లోవాళ్లు ముందు మాకు ఫోన్ చేసేవాళ్లు. ఏ బాయి, ఏ గ్యాంగు, మట్టి చేసేది ఎన్నింటికి, ఇంతే నేను చెప్పేది. మధ్యాహ్నానికల్లా పాత దోస్తులు రైళ్లు, ఆటోలు పట్టుకుని దిగేవాళ్లు. కలిసి బాయి దిగినవాళ్లే ఆఖరుసారి గుంతలోకి దించాలి. పాతవాళ్లకు అదొక పట్టింపు. కొడుకులు కూడా పక్కకు జరిగి వాళ్లకు తాడు అందించేవాళ్లు.

ఇప్పుడు చెప్పబోయేది గోదావరిఖని కాక సంగతి. టింబర్‌మన్‌గా పనిచేశాడు, అంటే గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. రిటైరయ్యాక ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల పక్కన రెండు గదులు వేసుకుని భార్యతో ఉండేవాడు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే వాళ్ల వంటింట్లో గిన్నెలు కింద పడేవి. పిల్లల్లేరు. ఉన్నదల్లా చర్చి, రేడియో, ఒకప్పటి తన గ్యాంగులోని ఇద్దరు దోస్తులు, బెల్లంపల్లి కాక, కాసిపేట కాక. ఒకరోజు ముచ్చటలో లైవ్‌లోనే అన్నాడు.

"కప్పు కూలి నా మీద బండ పడ్డప్పుడు నా తల పట్టి గుంజింది ఈ బెల్లంపల్లోడే బిడ్డా. రేపు నన్ను గుంతల దించేటప్పుడు గూడ తలదిక్కు తాడు వీడే పట్టాలె. నువ్వు మాత్రం జల్ది చెప్పాలె. వీనికి రైలు దొరకాలె గద!"

"చెప్త కాకా, ఇప్పుడెందుకు ఆ ముచ్చట" అన్నాను.

"గట్ల గాదు. మాటియ్యి."

ఇచ్చాను. ఊరంతా వింటుండగా ఇచ్చాను.

ఆ ముగ్గురూ చావుతో పరాచికాలాడేవాళ్లు, అది కూడా చెప్పాలి. ఒకసారి కాసిపేట కాక ఫోన్ చేసి, "బెల్లంపల్లోడు రాత్రి పోయిండు బిడ్డా, రేడియోల చెప్పు" అని ఏడుపు గొంతు పెట్టాడు. నేను నమ్మేశాను. తీరా చూస్తే బెల్లంపల్లి కాక రెండో లైన్లో ఉన్నాడు. "ఓరి నీ నోట్ల మన్ను పడ! నేను పోలే తమ్మీ. ఇగ ఇనున్రి, రేడియోల ఈ బిడ్డ చెప్తెనే ఎవడన్న పోయినట్టు. ఎవడు ఫోన్ చేసినా నమ్మేది లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ల ముగ్గురికీ అదే చట్టమైంది. ఫోన్లో ఎవరు ఎవరిని చంపినా నవ్వి పెట్టేసేవాళ్లు.

తర్వాత మా స్టేషన్ చేతులు మారింది. కొన్నవాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. మా ఊరి ఎండ వాళ్లకు తెలియదు, మా ఊరి దగ్గు అసలే తెలియదు. వాళ్లు పంపిన మేనేజరు అంతకుముందు సెల్‌ఫోన్ షోరూములు చూసుకునేవాడట. వచ్చిన వారమే నన్ను పిలిచాడు.

"పెళ్లి నగల యాడ్ పక్కన చావు కబురేంటి మేడమ్? వినేవాళ్ల మూడ్ పాడవుతుంది."

"చావు తెలిస్తే పాడవదు సార్, తెలియకపోతే పాడవుతుంది" అన్నాను.

"మీరు బాగా మాట్లాడతారు మేడమ్" అని నవ్వాడు. పోయినోళ్ల ముచ్చట ఆ రోజే ఆగిపోయింది.

తర్వాత ల్యాండ్‌లైన్ తీసేశారు. యాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమని చెప్పండి అన్నాడు. బటన్ ఫోన్‌లో ఆకుపచ్చ గుండీ, ఎర్ర గుండీ తప్ప మరోటి నొక్కని ముసలాళ్లకు యాప్! మా ట్రాన్స్‌మిటర్‌ను బిడ్డలా చూసుకునే టెక్నీషియన్‌ను తీసేశారు. ఎండలు ముదిరేసరికి మిషన్ వేడెక్కి, రోజులో సగం బుస్సుమనే చప్పుడే వచ్చేది. ఆ చప్పుడును కూడా మా జనం కాసేపు విన్నారు, మళ్లీ వస్తుందేమోనని. అంత పిచ్చి జనం. నా లైవ్ కూడా పోయింది. నన్ను పక్క గదిలో యాడ్‌లు చదవడానికి కూర్చోబెట్టారు. స్టూడియోలో ఫ్లెక్సీలు, గిఫ్టు డబ్బాలు పేర్చారు. మైకు మీద ఎవడో తువ్వాలు ఆరేశాడు. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండేది.

జనం గోల చేశారని మేనేజరుకు ఒక ఉపాయం తట్టింది. పాత ఫోన్ కాల్స్ మా దగ్గర రికార్డై ఉన్నాయి కదా, వాటిలో తేదీలు, పండుగలు కత్తిరించి పొద్దున్నే వేస్తే లైవ్‌లాగే ఉంటుందన్నాడు. అలాగే వేయించాడు. "నమస్తే, లైన్లో ఎవరు?" అని నా గొంతే, నవ్వుతూ. అప్పుడు నేను పక్క గదిలో సిమెంటు యాడ్ చదువుతుండేదాన్ని.

గోదావరిఖని కాక గొంతంటే అందరికీ ఇష్టం కాబట్టి ఎక్కువగా ఆయనదే వేసేవాళ్లు. అప్పటికి ఆయనకు దమ్ము జబ్బు ముదిరి మంచం దిగడం లేదు. ఒకరోజు నా సెల్‌కు ఫోన్ చేశాడు.

"బిడ్డా, గిదేందే! నేను మంచంల పండుకున్న, రేడియోల నేనే మాట్లాడుతున్న. నేను గిన్ని నవ్వుతుంటినా?"

"పాతది కాకా. మా సార్ పెట్టిస్తున్నడు."

"దోస్తులకు లైన్ కలుస్తలేదు గావచ్చు. వాళ్లు నాకు కలుస్తుందనుకొని కుళ్లుకుంటరు." నవ్వబోయి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. "బిడ్డా, నువ్వు చెప్తవు గద?"

"చెప్త కాకా" అన్నాను. మైకు మీద తువ్వాలుందని ఎట్లా చెప్పను?

వేయబోతున్న పాత రికార్డుల్లో ఒక కాల్ ఉంది. "ఒరే, ఇద్దరూ ఈ ఆదివారం రాండ్రి. ప్రార్థన అయినంక నాటుకోడి కోస్త. మీ వదినె పులుసు పెడ్తది" అని కాక దోస్తులను పిలిచే కాల్. ఏ ఆదివారమో అందులో లేదు. ఇది తీసేయండి సార్, జనం నిజమనుకుంటారు అని మేనేజరుకు చెప్పాను. "ఆదివారం ప్రతి వారం వస్తుంది కదా మేడమ్" అన్నాడు. అదేదో పెద్ద తెలివి అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

కాక పోయిన రోజు పొద్దున్నే నేను స్టేషన్ మెట్లెక్కుతుంటే చిన్నమ్మ, అంటే కాక భార్య, ఫోన్ చేసింది. "మీ కాక పోయిండు బిడ్డా. చెప్పు. రేడియోల చెప్పు" అంది. ఏడవడం కూడా మొదలుపెట్టలేదింకా. ముందు ఈ పని కావాలి ఆమెకు.

నేను నేరుగా మేనేజరు గదిలోకి పోయాను. ఒక్క నిమిషం మైకు ఇవ్వండి సార్, రెండే మాటలు అన్నాను. చేతులు జోడించాను. నా బతుకులో ఏ అధికారికీ జోడించని చేతులవి.

"ఇక్కడ నా చేతిలో ఏం లేదు మేడమ్. అంతా హైదరాబాద్ నుంచి ప్లే అవుతుంది. ఇక్కడి మైకుకు కనెక్షన్ కూడా లేదు. అయినా చావులు పాలసీలో లేవు కదా."

"హైదరాబాద్‌కు ఫోన్ చెయ్యండి."

"పది దాటాక వస్తారు వాళ్లు."

ఆయన గది మూలన చిన్న స్పీకరుంది. అప్పుడే అందులోంచి కాక నవ్వాడు. "ఒరే, ఇద్దరూ ఈ ఆదివారం రాండ్రి..." మేనేజరు నా మొహం చూశాడు. ఈయనేనా అని అడిగాడు. నేను తలూపాను. లేచి స్పీకరు గొంతు తగ్గించాడు, అది మాత్రం చేశాడు. గోదావరికి అటూ ఇటూ ఎన్ని ఇళ్లలో ఆ నవ్వు మోగుతుందో, వాటి గొంతు ఎవడు తగ్గిస్తాడు! పది దాటాక హైదరాబాద్ వాళ్లు కూడా అదే మాటన్నారు.

నేను కాక ఇంటికి పోయాను. కాక బటన్ ఫోన్లో బెల్లంపల్లి నంబరు ఒకటే ఉందట, పక్కింటాయన దానికి చేశాడట. "వస్తం తియ్ అని పెట్టేసిండు" అన్నాడు. ఆ మాటతో చిన్నమ్మకు ధైర్యం వచ్చింది. నేను మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. కాసిపేట కాక నంబరు ఎవరి దగ్గరా లేదు. ఒకప్పుడు మా ల్యాండ్‌లైన్ పక్కన గోడ మీద ఉండేది, ఆ గోడకిప్పుడు కొత్త రంగు వేశారు.

ఎండాకాలం. రామగుండం ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఐసు పెట్టె తెప్పించారు, కరెంటు పోయి వస్తోంది. పాస్టరుగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. చిన్నమ్మ మాత్రం ఆటో చప్పుడైనప్పుడల్లా గడప దాకా పోయి వస్తోంది. "రైలు లేటయ్యిందేమో. ఆయన తలదిక్కు వాడే పట్టాలె" అంటోంది. పొద్దు వాలింది. ఇక ఉంచితే బాగుండదని పాస్టరుగారే మెల్లగా చెప్పారు.

సమాధుల తోటలో జేసీబీతో తవ్విన గుంత అది. నేల రాయిలా ఉంది, మనుషులతో కాలేదు. పెట్టెను దించడానికి రెండు తాళ్లు, నాలుగు కొసలు. పక్కింటాయన ఒకటి, పాస్టరుగారి వెంట వచ్చినతను ఒకటి, జేసీబీ డ్రైవరు చేతులు తుడుచుకుని ఒకటి పట్టారు. తలదిక్కున ఒక కొస మిగిలిపోయింది. అక్కడున్న మిగతా మగవాళ్లంతా ముసలివాళ్లు. ఎవరూ ముందుకు రాలేదు. చిన్నమ్మ నన్ను చూసింది. నేను చెప్పులు విడిచి ఆ తాడు పట్టుకున్నాను. బరువుకు అరచేతులు చీరుకుపోయాయి. పెట్టె ఒక పక్కకు ఒరిగి దబ్బున కింద ఆనింది. ఆ చప్పుడుకు చిన్నమ్మ మొదటిసారి గట్టిగా ఏడ్చింది. నాకా క్షణంలో మేనేజరు మీద, హైదరాబాద్ మీద, ఆ స్పీకరు మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు.

ఆదివారం చిన్నమ్మను చూడ్డానికి పోయాను. అన్నం తినిపిద్దామని కంచం పెట్టానో లేదో, వాకిట్లో ఆటో ఆగింది. బెల్లంపల్లి కాక, కాసిపేట కాక. ఉతికిన చొక్కాలు, సంచి నిండా మామిడిపండ్లు.

"ఏడున్నవ్ రా? పిలిచి లోపల దాక్కున్నవా? కోడి యాడ?" అని బెల్లంపల్లి కాక గుమ్మంలోంచే కేకేశాడు. "ఎవడో ఫోన్ చేసి నువ్వు పోయినవన్నడు. పోయినోడు పొద్దుగాల రేడియోల ఎట్ల మాట్లాడిండు రా అని నవ్విన. ఇది ఈ కాసిపేటోని పనే అనుకొని మళ్ల ఎవడు చేసినా ఎత్తలే."

చిన్నమ్మ లేచి నిలబడింది. తెల్ల చీర కట్టుకుని ఉంది. గోడ మీద ఫోటోకు దండ ఉంది. కాసిపేట కాక చేతిలో సంచి జారిపోయింది, పండ్లు మంచం కిందికి దొర్లాయి.

సమాధుల తోట దాకా ముగ్గురం నడిచే పోయాం. మట్టి ఇంకా కుంగలేదు. బెల్లంపల్లి కాక తలదిక్కున కూలబడి ఆ మట్టిని అరచేత్తో నిమిరాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"తలదిక్కు ఎవలు పట్టిన్రు?"

"నేనే పట్టిన కాకా. ఒక చెయ్యి తక్కువైంది."

చేతులు చూపించమన్నాడు. చూపించాను. తాడు కోసిన గీతలు ఇంకా మానలేదు. వాటిని చూసి జాలిపడతాడనుకున్నాను, కనీసం మంచి పని చేసినవంటాడనుకున్నాను. ఆయన నా చేతులు వదిలేసి మళ్లీ మట్టి వైపు తిరిగాడు.

"నిన్ను చెప్పుమన్నం బిడ్డా" అన్నాడు. "మొయ్యుమనలే."