నర్సమ్మ గారి మిడత బండి

నర్సమ్మ గారు పోయిన సంగతి మాకు గురజాల బస్సు కండక్టరు చెప్పాడు. మా ఊరి మలుపులో బస్సు ఆపి, దిగేవాళ్ళని దిగనిచ్చి, మెట్టు మీద నుంచే కేకేశాడు: "మిడత బండి నర్సమ్మ పోయిందంట. సాయంత్రం మట్టి చేస్తన్నారు. వచ్చేవాళ్ళుంటే ఎక్కండి." నర్సు పని చేసేవారు గనక నర్సమ్మ; అసలు పేరు అతను చెప్పలేదు. చెప్పినా మాలో ఎవరికీ తెలియదు. నేనూ నా భార్యా చేతిలో పని అక్కడే వదిలేసి ఎక్కాం.

నాకు బడి చదువు లేదు. బెల్లం పొట్లాలు కట్టిన పాత పత్రికల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. అందుకే నా కబుర్లు మధ్యలో మొదలై, చివర చిరిగిపోయి ఉంటాయని మిత్రులు ఎగతాళి చేస్తారు. యాభై దాటాక ఇక బాగుపడను. కానీ ఈ ఒక్కటి మాత్రం తిన్నగా చెప్పాలి. పదిహేనేళ్ళుగా నేను చెప్పనిది ఇందులో ఒకటుంది.

ముందు బండి సంగతి. మా వైపు చిన్న ఆసుపత్రి నడిపిన తెల్లదొర డాక్టరు ఒకాయన, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఇంగ్లండు సీమకి వెళ్ళిపోతూ తన కారుని, తన దగ్గర పనిచేసే నర్సమ్మ గారికి వదిలిపోయాడు. అప్పటికే అది ముసలిది. పరుగు పందేల కోసం చేసిన కారట. రెండే సీట్లు. పైన కప్పు లేదు. ముందు భాగమే కారు పొడవులో సగం ఉండేది, దాని రేకుని తోలు పట్టీతో గుర్రానికి జీను బిగించినట్టు బిగించేవారు. చక్రాలకి సైకిలు చక్రాల్లాగా పుల్లలు. ఆకుపచ్చ రంగు. మా దారుల్లో ఎగిరెగిరి పడుతూ వచ్చేది గనక మావాళ్ళు మిడత బండి అన్నారు. సీమలో ఏవో కొండదారుల పందేల్లో బహుమతి కప్పులు గెలిచిందని దొర చెప్పుకునేవాడట. పందేలకి పుట్టి పురుళ్ళకి వచ్చింది, పాపం.

నర్సమ్మ గారు దాన్ని షోకుకి తోలలేదు. రైతు ఎడ్లబండిని వాడుకున్నట్టు వాడుకున్నారు. సీటు చిరిగితే గోనెపట్టా కుట్టించి లోపల పత్తి కూరారు. చక్రం పుల్లలు విరిగితే కమ్మరి చేత వేయించారు. వెనక పెట్రోలు ట్యాంకు మీద మందుల పెట్టె, దాని మీద నీళ్ళ డబ్బా, రెండూ మోకుతో కట్టి ఉండేవి. కాళ్ళ దగ్గర, పురుడు పోసినందుకు ఎవరో ఇచ్చిన కోడిపెట్ట ఒకటి ఎప్పుడూ గుడ్లురుముతూ కూర్చుని ఉండేది. కల్లాల రోజుల్లో ఎవరైనా ఎండుమిరపకాయలు ఇస్తే పక్క సీట్లో బస్తా వేసుకుని వచ్చేవారు. ఆ గాలి తగిలి, వెనక సైకిలు మీద వచ్చే పోస్టుమాను ఊరు చేరేదాకా తుమ్ముతూనే ఉండేవాడు.

దారి అంటే రోడ్డు అనుకునేరు. ఎడ్లబండ్లు తిరిగి తిరిగి నల్లరేగడిలో మోకాలిలోతు పడ్డ గాళ్ళు. కారు వెడల్పు తక్కువ. బండి చక్రాల గాళ్ళు దానికి సరిపోవు. అందుకని ఒక చక్రం గాడిలో, ఒక చక్రం గట్టు మీద పెట్టి, పక్కకి ఒరిగిపోయి తోలేవారు. చీర కొంగు నడుముకి బిగించి, తలకి తుండు చుట్టుకుని, అలా ఏటవాలుగా వచ్చే మనిషిని చూసి మొదట్లో మా ఊరు నవ్వింది. తర్వాత అలవాటు పడింది. తర్వాత ఎదురు చూసింది.

ఆవిడకి ఒక మాట ఉండేది. "బండికి రెండే సీట్లు. ఒకటి నాది, రెండోది నొప్పులు పడే తల్లిది. ఏడ్చేవాళ్ళకి చోటు లేదు." ఆ మాటతో ఎందరు అత్తగార్లని దింపేశారో.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఆవిడ ఊరికి ఆవల పేటలో, కూలి చేసుకునే కిరస్తానపు ఇంట్లో పుట్టారు. ప్రతి ఊళ్ళోనూ కారు పొగలు కక్కేది. మా ఇళ్ళవాళ్ళు దానికి బిందెతో నీళ్ళందించేవాళ్ళు. ఆవిడ దాహమంటే మాత్రం దోసిలి పట్టమని పైనుంచి పోసేవాళ్ళు. నేనూ అలాగే పోశాను. తాగి, మూతి తుడుచుకుని, "మీ ఊళ్ళో నాకంటే నా బండికే మర్యాద ఎక్కువ అబ్బాయ్" అనేవారు. నేను నవ్వేవాణ్ణి. నవ్వాల్సిన మాట కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇక తప్పించుకోను. అసలు రోజు చెబుతాను.

పెళ్ళయిన పన్నెండేళ్ళకి నా భార్య నెల తప్పింది. ఆ పన్నెండేళ్ళలో మా అమ్మ మొక్కని దేవుడు లేడు. నిండు నెలల్లో, సరిగ్గా ఏరువాక పున్నమి పొద్దున, నొప్పులు మొదలయ్యాయి. కబురు పెడితే నర్సమ్మ గారు గంటలో వచ్చారు. లోపలికి వెళ్ళి చూసి, చేతులు కడుక్కుంటూ బయటికి వచ్చారు.

"బిడ్డ అడ్డం తిరిగింది అబ్బాయ్. నా చేతుల్లో లేదు. నరసరావుపేట పెద్దాసుపత్రికి పోవాల. సాయంత్రం దాకా రైలు లేదు, బండిలోనే పోదాం. మీ ఊరి పేటలో ఒక పసిపిల్లకి జ్వరం, సూదేసి అరగంటలో వస్తా. ఈలోపు అమ్మాయిని సిద్ధం చెయ్యండి."

ఆవిడ నడుచుకుంటూ వెళ్ళారు. కారు మా వాకిట్లో ఉంది. ఊరంతా ఎడ్లని కడగడానికి వాగుకి పోయింది. మా పాలేరు కూడా మా ఎడ్లని తోలుకుని అక్కడికే పోయాడు. ఇంట్లో నేను, మా అమ్మ, లోపల మూలుగుతున్న నా భార్య.

మా అమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి, నా ముందుకొచ్చి నిలబడింది.

"మొన్న ఈ బండిలోనే గదరా పక్కూరి పిల్ల శవాన్ని తెచ్చింది?"

"అవునమ్మా."

"ఏరువాక పూట, కడగని బండిలో, శవం కూకున్న సీట్లో నిండు చూలాల్ని ఎక్కిస్తావంట్రా? పన్నెండేళ్ళకి కాసిన కాయిరా."

"కడిగితే ఏమన్నా అవుద్దేమో అమ్మా."

"ఎద్దుకి కానిది ఇనప్పెట్టెకేమవుద్దిరా. నువ్వు కడగకపోతే నేను కడుగుతా."

చదివేవాళ్ళకి ఇది మూఢత్వం అనిపించవచ్చు. ఏరువాక నాడు కడిగి బొట్టు పెట్టకుండా మేము కాడి కూడా ముట్టుకోం. పైగా నాకు ఏదో ఒకటి చెయ్యాలని ఉంది. లోపల ఆమె అరుస్తుంటే చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడలేకపోయాను. ఎద్దుని పైపైన కడిగి వదిలేసేవాడు రైతు కాదు. పొట్ట కింద, గిట్టల సందున, చెవుల లోపల కూడా కడగాలి. సీటు కడిగాను. తర్వాత తోలు పట్టీ విప్పి, ముందు రేకు పైకెత్తి, లోపలి గొట్టాల మీదా తీగెల మీదా మూడు బిందెలు కుమ్మరించాను. పీచుతో రుద్దాను. రేకు మూసి, పసుపు రాసి, బొట్టు పెట్టాను. శుభ్రంగా చేశానని తృప్తి కూడా పడ్డాను.

నర్సమ్మ గారు తిరిగొచ్చారు. కారు కింద మడుగు చూశారు. రేకు సందుల్లోంచి కారుతున్న నీళ్ళు చూశారు.

"ఎవరు కడిగింది?"

"నేనే."

"లోపల కూడానా?"

"లోపల కూడా."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ముందు నుంచి తిప్పి కారుని లేపే హ్యాండిలు నా చేతికిచ్చారు. తిప్పాను. కారు ఉలకలేదు. భుజం పట్టుకుపోయేదాకా తిప్పాను. దగ్గు కూడా దగ్గలేదు. ఆవిడ ప్లగ్గులు ఊడదీసి మా అమ్మకిచ్చి, "పొయ్యి మీద పెనం పెట్టి వీటిని కాల్చమ్మా" అన్నారు. నిప్పురవ్వ పుట్టించే డబ్బా ఒకటి ఉంటుందట, దాన్ని విప్పి తన పైట చెంగుతో లోపలంతా అద్దుతూ కూర్చున్నారు. అద్దిన కొద్దీ తడి వస్తూనే ఉంది. లోపలి నుంచి నా భార్య కేక వినిపించినప్పుడల్లా మా అమ్మ పెనం మీద ప్లగ్గుల్ని అట్టు తిరగేసినట్టు తిరగేసేది. ఎవరైనా బయటివాళ్ళు చూసుంటే నవ్వొచ్చేదేమో.

వాగు నుంచి మా ఎడ్లు వచ్చాయి. కొమ్ములకి ఎర్రరంగు, మెడలో పూలదండలు. ఎడ్లబండి కడదామా అన్నాను. "ఆ కుదుపులకి రేపటికి గానీ చేరం. అప్పటికి ఎవరూ మిగలరు" అన్నారు ఆవిడ. అందుకని ఎడ్లనే కారుకి కట్టి, నా భార్యని సీట్లో కూర్చోబెట్టి, ఊరి బయట పల్లం దాకా లాగించాం. పల్లంలోకి దొర్లిస్తే, మూడోసారికి కారు తుపాకీ పేలినట్టు పేలి కదిలింది. అప్పటికి రెండు గంటలకి పైగా పోయింది.

నేను వెనక ట్యాంకు మీద, నీళ్ళ డబ్బా పడేసి, మందుల పెట్టె పక్కన మోకు పట్టుకుని కూర్చున్నాను. నా భార్య తల నా చేతికి అందే దూరంలోనే ఉంది. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పిడుగురాళ్ళ దాటాక కేకలు ఆగిపోయాయి. కేకలు వినలేక చెవులు మూసుకున్నవాణ్ణి, ఇప్పుడు ఒక్క కేక వినిపిస్తే చాలని చెవి రిక్కించాను. ఆ కారు తాను దేనికోసం పుట్టిందో అలా పరుగెత్తింది ఆ రోజే అనుకుంటాను. గాళ్ళన్నీ వదిలేసి చేలకి అడ్డంపడి తోలారు ఆవిడ.

తల్లి దక్కింది. మగబిడ్డ దక్కలేదు. డాక్టరు బయటికి వచ్చి, "రెండు గంటలు ముందు తెచ్చుంటే ఇద్దరూ దక్కేవాళ్ళు" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు నర్సమ్మ గారు, "బండి పాతది డాక్టరు గారూ. పొద్దున మొరాయించింది. బాగు చేయించుకోకపోవడం నా తప్పే" అన్నారు.

నేను నోరు మూసుకున్నాను.

నా భార్యకి ఇంకా స్పృహ లేదు. బిడ్డని పరాయి ఊళ్ళో పెట్టబుద్ధి కాలేదు. మా ఊళ్ళోకి తెచ్చి అమ్మకి చూపించే ధైర్యమూ లేదు. తువాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాను. మా ఊరికి క్రోసెడు ఇవతల, ఒక చేను గట్టు దగ్గర ఆవిడ కారు ఆపారు. గడ్డపార లేదు. టైర్లు ఊడదీసే ఇనప పట్టీతో ఆవిడే తవ్వారు. తన ప్రార్థన తాను చేసుకున్నారు. పైన మూడు నాపరాళ్ళు పెట్టాం. తిరిగొచ్చి కార్లో కూర్చున్నాక, "ఇప్పుడు ఏడువు అబ్బాయ్. రెండో సీటు ఖాళీగానే ఉంది" అన్నారు.

మిడత బండి దారిలో మొరాయిస్తుందన్న మాట ఊళ్ళన్నీ పాకింది. జనం ఎక్కడం తగ్గించారు. ఆ ఏడాది పత్తి తీసే రోజుల్లో పక్క ఊళ్ళో ఒక తల్లిని, నర్సమ్మ గారి కారు గుమ్మం ముందు ఉండగానే, "అది నమ్మేది కాదు" అని ఎడ్లబండిలో తీసుకుపోయారు. ఆ తల్లి దారిలోనే పోయింది. అది విని నేను ఆవిడ దగ్గరికి పరుగెత్తాను.

"చెప్పేస్తానమ్మా. ఊరందరికీ చెప్పేస్తా."

"ఊరికి చెబితే మీ ఆవిడకీ తెలుస్తది. మీ అమ్మా ఆ పిల్లా ఒకే పొయ్యి కాడ బతకాల. ఆ పొయ్యి మీద ప్లగ్గులు కాల్చిన సంగతి తెలిసినాక, ఆ పిల్ల అక్కడ కూడు వండుద్దా? ఊరుకో. నిందలు నాకు కొత్తేం కాదు."

నేను ఊరుకున్నాను. ఊరుకోమన్నారు గనక ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అయిదేళ్ళకి మా అమ్మ పోయింది. అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. రోడ్లు పడ్డాయి, బస్సులొచ్చాయి. మిడత బండి ఆసుపత్రి వెనక తుప్పు పట్టి, ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు పట్టుకుపోయాక మాయమైంది. మాకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు.

మట్టి చేసే చోట చర్చి పెద్ద ఒకాయన లేచి ఆవిడ సేవ గురించి చక్కగా మాట్లాడాడు. చివర, "ఆ పాడు బండిని నమ్ముకోకుండా ఉంటే ఇంకా ఎన్ని ప్రాణాలు నిలబెట్టేదో" అన్నాడు. జనం తలలూపారు. పెళ్ళిలోనైనా, తగువులోనైనా నన్ను మాట్లాడకుండా ఆపినవాడు లేడు. అక్కడ లేచి నిలబడలేకపోయాను.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు నా భార్యకి చెప్పాను. మూడు బిందెలూ చెప్పాను. ఆమె రోడ్డు వైపే చూస్తూ వింది.

"ఆమె మన వాకిట్లోకొస్తే నేను మొహం తిప్పుకుని లోపలికి పోయేదాన్ని" అంది. "పదిహేనేళ్ళు. నీ ఎదురుగానే గదా."

"అవును."

"మంచినీళ్ళన్నా అడగలా నేను."

ఆ తర్వాత బస్సులో మాట్లాడలేదు. ఇంట్లో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, తీసింది. బిడ్డ పోతే ఎక్కడ పెట్టారని తల్లి అడగకూడదని మా వైపు ఆనవాయితీ. ఆమె అన్నాళ్ళూ అడగలేదు. మూడో రోజు పొద్దున చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పిల్లోణ్ణి యాడ పెట్టారు? చూపిద్దువు పద."

నడిచి వెళ్ళాం. నేను ఆ వైపు వెళ్ళి చాలా ఏళ్ళయింది. చేను లేదు, గట్టు లేదు. సాగరు కాలవ తవ్వినప్పుడు ఆ నేలంతా కాలవలోకి పోయింది. పోయినేడే నీళ్ళు వదిలారు. పల్నాడంతా ఏళ్ళ తరబడి ఎదురు చూసిన నీళ్ళు, మట్టి రంగులో, గట్ల నిండా పోతున్నాయి.

"ఏ పక్క?" అంది.

నాకు తెలియదు. తెలియదని చెప్పే ధైర్యం అప్పుడూ లేదు. నీళ్ళ మధ్యకి చెయ్యి చూపించాను. ఆమె కాలవ గట్టు మీద కూర్చుంది. నేను చూపించిన చోటు అప్పుడే కొట్టుకుపోయింది, ఆ చోటుకి వేరే నీళ్ళు వచ్చాయి, అవీ పోయాయి. ఆమె మాత్రం అక్కడే చూస్తూ, ఎండ నడినెత్తికి వచ్చేదాకా, కళ్ళు అటూ ఇటూ కదల్చలేదు.