అవ్వ మా షట్టర్ ముందు ఆసు పోసిన రోజు

స్కూల్ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా మెట్ల మీద నవల తెరిచి కూర్చునే చిన్నతనం మాది... నాదీ, స్వరూపదీ. నేను చదివేదాన్ని, తను వినేది. మధ్యమధ్యలో తగువులు పడేవాళ్లం.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు వెనక గల్లీలో ఇల్లు. కింద ఓనర్లు స్వరూప వాళ్లు... పోచంపల్లి వైపు నుంచి వచ్చి చీరల షాపు పెట్టుకున్నారు. పైవాటాలో మేం. కృష్ణా జిల్లా నుంచి వచ్చాం. వాళ్ల ఇంటి ముందు గదినే కిరాయికి తీసుకుని నాన్న కర్రీ పాయింట్ పెట్టాడు. బోర్డు మీద 'ఆంధ్రా' అనే మాటను ముచ్చటపడి మరీ పెద్దగా, ఎర్ర రంగులో రాయించుకున్నాడు.

అప్పుడు మేం చదువుతున్న నవలలో ఇద్దరు ప్రాణస్నేహితులు. ఊళ్లో గొడవలు మొదలవుతాయి. ఒకడి ఇంటి మీదికి జనం వస్తుంటారు. రెండోవాడు ఏం చేస్తాడో... అక్కడ ఆపాం.

"నేనైతే అడ్డం నిలబడ్త" అంది స్వరూప.

"అంత సీన్ లేదులే, బల్లిని చూస్తేనే ఇల్లు పీకి పందిరేస్తావు" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

బయట మాత్రం నవ్వులు తగ్గిపోతున్న రోజులవి. తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఇవాళ బంద్, రేపు ర్యాలీ... స్వరూప వాళ్ల అన్నయ్య కూడా కాలేజీ నుంచి వెళ్లేవాడు. వాళ్ల కోపంలో న్యాయం ఉందని మా నాన్నే అనేవాడు. కానీ టీవీలో అద్దాలు పగిలిన షాపు కనిపిస్తే చాలు, ఛానల్ మార్చేసేవాడు. అమ్మయితే కూరగాయల బండి దగ్గర వేళ్లతో సైగలు చేసి బేరమాడటం మొదలుపెట్టింది, నోరు విప్పితే యాస పట్టిస్తుందని!

పెద్ద బంద్ అన్న రోజు పొద్దున్నే నాన్న స్టూలెక్కి బోర్డు పీకేశాడు. పైకి తెచ్చి మంచం వెనక దాచాడు. భయంలో ఆయనకు తట్టని సంగతి ఒకటుంది. మాసిన గోడ మీద బోర్డున్నంత మేర తెల్లగా మెరుస్తూ ఉండిపోయింది. అన్నాళ్లూ దాన్ని పట్టించుకోని గల్లీ మొత్తం ఇప్పుడు తలెత్తి అటే చూసింది.

స్వరూప వాళ్ల నాన్న యాదగిరి అంకుల్ పైకి వచ్చాడు. "బోర్డేది సార్?" అన్నాడు.

"పెయింట్‌కి ఇచ్చానండీ" అన్నాడు నాన్న, నేల చూస్తూ.

మంచం వెనక నుంచి ఎర్రటి అంచు కనిపిస్తూనే ఉంది. అంకుల్ చూశాడు. మెల్లగా మెట్లు దిగిపోయాడు.

"వాళ్లబ్బాయి కూడా ఆ రాళ్లేసే గుంపులోనే ఉంటాడేమోనండీ..." అంది అమ్మ గొంతు తగ్గించి. మేం ఎవరిని అనుమానిస్తున్నాం? పండక్కి మాకు పెట్టకుండా ముద్ద ముట్టని వాళ్లనా?

మెయిన్‌రోడ్డు నుంచి నినాదాలు దగ్గరవుతున్నాయి. కిటికీ సందులోంచి చూస్తే, కింద స్వరూప వాళ్ల నాయనమ్మ... మేమందరం అవ్వ అనేవాళ్లం... ఆసు మోసుకుంటూ వస్తోంది. చీరకు రంగులెక్కే ముందు దారాన్ని ఒక మేకు నుంచి ఇంకో మేకుకు పోసుకుంటూ పోయే చెక్క చట్రం అది. షాపు పెట్టుకున్నాక అవసరం లేకపోయినా ఆవిడ ఆ పని మానలేదు. ఎప్పుడూ వెనక వరండాలో కూర్చునేది. ఆ రోజు సరిగ్గా మా షట్టర్‌కు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

ర్యాలీ వచ్చింది. ముందు డప్పులు, కాలేజీ పిల్లలు... పాడుకుంటూ వెళ్లిపోయారు. చివర్లో తెలియని మొహాలు కొన్ని ఆగాయి. ఒకడి చేతిలో రాయి.

"గీడ ఏం బోర్డు ఉండె?"

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఎముక నొప్పెట్టేంత గట్టిగా.

అవ్వ తలెత్తలేదు. "ఆసు పోస్తున్న బిడ్డా. దారం తెగితే మళ్ల మొదటి సంది పోయాలె. జర అటు దిక్కుకెల్లి పోన్రి."

"నువ్ లే అవ్వా, షట్టర్ తియ్యాలె."

"పోసుడైనంక లేస్త."

"ఎప్పుడైతది?"

"పొద్దూకుతది."

రాయి ఉన్న చెయ్యి లేచింది. గేటు దగ్గర స్వరూప అవ్వకు దారం కండెలు అందిస్తూ నిలబడి ఉంది. ఏడుస్తోంది... లోపలికి మాత్రం పోలేదు.

గుంపులోంచి ఒకబ్బాయి ముందుకొచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు. "ఒద్దురా. మా అమ్మ గూడ గిదే పని చేస్తది. నడువ్."

వెళ్లిపోయారు. అవ్వ నిజంగానే పొద్దుగూకేదాకా లేవలేదు.

తర్వాత నవల పూర్తిచేశాం. రెండోవాడు జనానికి ఎదురు నిలబడి పేజీల కొద్దీ ఉపన్యాసం ఇస్తాడు. అందరూ కళ్లు తుడుచుకుని వెళ్లిపోతారు. "గంతసేపు ఎవలు వింటరే?" అంది స్వరూప.

నవల అక్కడితో అయిపోయింది. మాది అవలేదు. ఆ రోజు నుంచి నాన్న యాదగిరి అంకుల్ మొహంలోకి చూడలేకపోయాడు. నెల తిరక్కుండానే ఎల్బీ నగర్ అవతల, 'మనవాళ్లు' ఎక్కువుండే కాలనీలో ఇల్లు చూశాడు.

సామాన్లు ఎక్కిస్తుంటే అవ్వ వచ్చి నాన్న చెయ్యి పట్టుకుంది. "ఎవలకు భయపడి పోతున్నరు బిడ్డా? మాకా?"

"అబ్బే, లేదండీ... పిల్లకు స్కూలు దగ్గరవుతుందని" అన్నాడు నాన్న.

మా స్కూలు ఆ గల్లీ చివర్నే ఉండేది. అవ్వకు తెలుసు. అయినా తలూపింది.

రాష్ట్రం వచ్చింది. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. ఇప్పుడు మెట్రో ఎక్కితే కబుర్లు మొదలుపెట్టే లోపే దిల్‌సుఖ్‌నగర్ వచ్చేస్తుంది... అయినా నాన్న ఒక్కసారి కూడా ఆ స్టేషన్‌లో దిగలేదు.

మీ గుమ్మానికి అడ్డంగా ఎవరైనా అలా కూర్చున్నారా? ఉంటే, చెప్పండి... వాళ్ల ముఖం చూడగలుగుతున్నారా?