చెరకులో దారప్పోగు

అరవైల్లో, వాల్తేరులో బోటనీ చదివి అనకాపల్లి తిరిగొచ్చిన ఏడు, నాకు ఉద్యోగం తప్ప అన్నీ ఉండేవి. ముఖ్యంగా తీరిక. అందుకే మా మేనమామ చెరకుతోటలోకి తీసుకెళ్ళి, లేత చారలు పడ్డ ఆకులు చూపిస్తే, పడాల్సినదానికన్నా కాస్త ఎక్కువే సంతోషపడ్డాను.

“మొజాయిక్ తెగులు, మావయ్యా. వైరస్.”

“పురుగేటల్లుడా?”

పురుగు కాదని చెప్పడానికి గట్టు మీద కూర్చుని, ఆయన తువ్వాలు అంచు నుంచి ఓ దారప్పోగు లాగాను. వైరస్ లోపలుండే ఆర్‌ఎన్‌ఏ ఇలాంటి దారమే. నాలుగే రకాల పూసల్ని వరసలు మార్చి గుచ్చినట్టుంటుంది. చుట్టూ ప్రోటీను తొడుగు, మొక్కజొన్న కంకికి గింజల్లా.

“తొడుగు ఒలిచేత్తే సత్తాది కదా?”

“పొగాకు వైరస్‌కి ఒలిచి చూశారు. ఉత్త దారం ఆకుకి రాసినా తెగులొచ్చింది.”

“సిగ్గులేని జాతిరా!” అన్నాడు, తువ్వాలు లాక్కుంటూ.

నవ్వాడు గానీ, చూపు చారల ఆకుల మీంచి తిప్పుకోలేదు. మా వైపు తోట బాగున్నవాణ్ణి చుట్టాలు విత్తనపు ముచ్చెలు, అంటే పాతుకోడానికి నరికిన చెరకు ముక్కలు, అడుగుతారు. అడిగించుకోవడం గౌరవం, లేదనడం మహా తప్పు. రావికమతం వియ్యంకుడికి ఆయన అప్పటికే మాటిచ్చేశాడు.

మర్నాడు వెళ్ళేసరికి, ముచ్చెల ఆకుతొడుగులు ఒలిపించి సున్నపునీళ్ళలో ముంచిస్తున్నాడు.

“తొడుగు నేను తీసేసేను. దారం సంగతి సున్నం సూసుకుంటాది.”

నా పాఠం ఇంత దూరం వెళ్ళిందని గర్వపడే వేళ కాదు. “దారం కణం లోపలుంది మావయ్యా. ఆ కణం చేతే నకళ్ళు తీయించుకుంటుంది. ఈ ముచ్చె ఎక్కడ పాతితే అక్కడికీ వెళ్తుంది.”

“రావికమతం తోటకీ?”

“ఆ తోటకీ.”

అంతలో వియ్యంకుడి బండి రానే వచ్చింది.

“ఏటి బావా, ముచ్చెలు కట్టించేవా?”

“ఈ ఏడు ఇవ్వను బావా. మనసొప్పలేదు.”

వియ్యంకుడు ఆయన్నీ, నన్నూ, సున్నపు తొట్టినీ చూశాడు. మంచినీళ్ళయినా తాగకుండా బండి తిప్పేశాడు.

“తెగులని చెప్పొచ్చుగా?” అన్నాను.

“పిసినారంటే ఓ ఏడు అంటారు. తెగులు తోటంటే నా మనవల దాకా అంటారు.”

తోటంతా గానుగకి వెళ్ళింది. తెగులు చెరకు బెల్లప్పాకం కూడా వీధంతా అదే కమ్మదనంతో గుప్పుమంది. ఆ పొగలో నిలబడి మావయ్య, పిసినారన్న పేరుని కొత్త పంచెలా కట్టుకుని, పొయ్యి ఎగదోయిస్తున్నాడు.